నీ ఎండు బావి మట్టి

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. హుల్సూర్ దారిలో నువ్వు తవ్వి వదిలేసిన ఎండు బావి కోసం, నిన్న బీదర్‌లో బస్సు దిగి ఒక కాలేజీ సారు వెతుక్కుంటూ వచ్చాడు. గట్టున పోసిన బూడిదరంగు మట్టి ఒక బస్తా కావాలట. వట్టి మట్టి కోసం హైదరాబాదు నుంచి ఎవరైనా వస్తారా?

"బంగారం కోసమే వచ్చిండు. ముందుగాల మనమే జల్లిద్దాం పా," అంది వదిన. ఆయన రేపొస్తానని వెళ్ళగానే ఇద్దరం పిండిజల్లెడ పట్టాం. బంగారం లేదు. కిందికి దిగిన మెత్తటి మట్టిని బస్తాకెత్తి, పైన మిగిలిన రాతిపలుకులు పెంటకుప్ప మీద పారబోశాం.

ఇవాళ పొద్దున ఆయన బస్తా విప్పి తల పట్టుకున్నాడు. "పైన మిగిలిందేదమ్మా? నాకు కావలసింది అదే!"

నా అనుమానం ఇంకా ముదిరింది. కుప్పలో వెతుకుతున్నంతసేపూ ఆయన వేళ్ళ మీంచి నేను కళ్ళు తిప్పలేదు. చివరికి ఆవగింజంత నల్లటి పన్ను దొరికింది. ఎప్పుడో అంతరించిన ఎలుకంత జంతువుదట. దాన్నీ, పలుకుల్లోని నత్తగుల్లలనూ చూపించి, "ఇక్కడ ఒకప్పుడు మడుగుండేది. ఇది దాని ఒడ్డున తిరిగేది," అన్నాడు.

"మా అన్న గూడ ఈడ నీళ్ళున్నయనే తవ్విండు సారూ. ఊరంత నవ్విండ్రు."

"నీళ్ళుండేవమ్మా. మనుషులు పుట్టకముందే ఎండిపోయాయి."

ఆయన మాట నేనింకా పూర్తిగా నమ్మలేదు. అయినా సాయంత్రం ఎవరూ చూడకుండా వెళ్ళి, నీ బావిలో చెంబెడు నీళ్ళు పోసి వచ్చాను.