పాత పేపర్లతో పోయిన రోబో పుస్తకం

నాయనా,

సంగటి మూతేసి పెట్టినా, పప్పు వేడి చేసుకో. బీపీ మాత్ర మరవద్దు. నేను చింతామణికి పోతాండాను, పోలీసు క్రేన్ నడిపే పరీక్షకు. పదకొండు మంది మగ కానిస్టేబుళ్ల నడుమ ఆడది నేనొక్కతే.

పోలీసులు మేడంత రోబోలెక్కి తోలే ఆ జపాన్ బొమ్మల పుస్తకాన్ని, నన్ను ఒక్క మాట అడక్కుండా పాత పేపర్ల అంగడికి ఎట్ల వేసినావు? "పోలీసు ఉద్యోగం చేసే పిల్లకి చిన్నపిల్లోళ్ల పుస్తకమేంది, తలా తోకా లేని కథ" అని ఆ అంగడి మంజునాథన్న ముందర నవ్వినావంట! అందులో రోబోను తోలేది ఆడ పోలీసే. అది చదివినాకే నేను ఈ పరీక్షకు పేరిచ్చినా. సాయంత్రంలోపల పోయి తీసుకోని రా.

అంబిక

ఇంకొకటి: జపాన్ పుస్తకం కుడిపక్క నుంచి చదవాల. నువ్వు ఆఖరి పుట నుంచి మొదలుపెట్టినావు. ఫోన్ దగ్గర పెట్టుకో, పాసైతే మొదట నీకే చెప్తా.