అందరూ ఆగాక నీ గొంతు

దోహా,
సెప్టెంబరు 12, శుక్రవారం.

అమ్మకు,

నీ పెద్దోడు దానియేలు వందనాలు. ఇక్కడ నాకు ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ నాన్నా విజయరాణీ కూడా బాగుండాలని పొద్దున చర్చి పూజలో అడిగాను.

రామాంజులు బాబాయి సెలవు నుంచి తిరిగొచ్చి నీ ఉత్తరం, గోంగూర పచ్చడి డబ్బా రెండూ క్యాంపులో ఇచ్చి వెళ్ళాడు. దారిలో డబ్బా మూత ఊడి నూనె ఉత్తరానికి అంటింది. చదివినప్పుడల్లా ఆకలేస్తోంది.

నువ్వు అడిగినవి చెబుతాను. అన్నం రెండు పూటలా తింటున్నాను. పని అల్ తుమామాలో, ఇళ్ళకి ఏసీ గొట్టాలు బిగించేవాళ్ళకి సాయం. మధ్యాహ్నం ఎండకి పని ఆపేస్తారు, కాబట్టి వడదెబ్బ భయం పెట్టుకోకు. నాన్న మిర్చికి నీళ్ళు సరిపోతున్నాయా? నడుం పట్టేస్తే ఒక్కడే మోటారు దగ్గరికి పోవద్దని చెప్పు.

స్నేహితులున్నారా అని అడిగావు. రూములో ఆరుగురం ఉన్నాం, ఎవరి ఫోన్లో వాళ్ళుంటాం. శుక్రవారం పూజ అయ్యాక కేరళ వాళ్ళు, గోవా వాళ్ళు పిల్లల్ని ఎక్కించుకుని కార్లలో వెళ్ళిపోతారు. నేను బస్సెక్కి ఏషియన్ టౌన్ పోయి క్రికెట్ గ్రౌండు మెట్ల మీద కూర్చుంటాను. ఆడేవాళ్ళెవరో తెలీదు. ఫోరు కొడితే నేనూ చప్పట్లు కొడతాను. ఒకసారి పక్కనున్నాయన "నీది ఏ టీము?" అని హిందీలో అడిగాడు. నేను లేచి వచ్చేశాను.

అమ్మా, నీ ఉత్తరం రెండో పేజీ దగ్గర ఆగిపోయాను. జపమాల మాత పండక్కి బిషప్ గారు మన విచారణ గుడికి వస్తున్నారని, పూజ అయ్యాక అందరి ముందూ లేచి అర్జీ ఇస్తానని రాశావు. "మావాడు లెక్కల్లో తప్పాడని మీ బిషపులందరి పీఠాధిపతుల సమాఖ్య రూలు పెట్టి, ఫాదర్ కానివ్వకుండా సెమినరీ నుంచి పంపేసింది, ఇప్పుడు వాడు పెద్దవాడయ్యాడు, ఆ రూలు సడలించండి" అని అడుగుతావట. నలభై ఇళ్ళవాళ్ళు సంతకాలు చేశారట. అంచున విజయరాణి చిన్న అక్షరాలతో ఇంకో మాట రాసింది. "అన్నయ్యా, పూజలో ఫాదర్ మాటకి అమ్మ ఇంకా పాత జవాబులే చెబుతోంది. కొత్తది చెప్పి అందరూ ఆగాక అమ్మ గొంతు ఒక్కటే వినిపిస్తోంది. కొత్తవి నేర్పే ఉపదేశి తాతయ్య చెప్పినా వినదు. నా కొడుకుని ఇంటికి పంపినోళ్ళు మార్చిన మాటలు నా నోట రావు అంటోంది."

ఇన్నాళ్ళూ నేను ఇక్కడ ఇంగ్లీషు పూజకే వెళ్ళేవాణ్ణి. అర్థం కాకపోతే ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు కదా. నీ ఉత్తరం వచ్చిన వారం తెలుగు పూజ ఉందంటే వెళ్ళాను. గురువుగారు మొదటి మాట అనగానే నా నోట నువ్వు నేర్పిన పాత జవాబే వచ్చింది. అందరూ ఆగిపోయారు. నాదొక్కటే మిగిలింది. ముందు వరసలో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. నాకు మాత్రం నీ పక్కన నిలబడ్డట్టు అనిపించింది.

బయట గురువుగారి దగ్గరికి వెళ్ళి, ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. "ఫాదర్, లెక్కల్లో తప్పితే పీఠాధిపతుల సమాఖ్య ఇంటికి పంపేస్తుందా?"

ఆయన నవ్వారు. "ఎవరు చెప్పారు నాయనా? బిషపులంతా కలిసి కూర్చునేది అందరికీ కావలసిన పనులకి. పూజలో మాటలు మన భాషలో ఎలా ఉండాలి, ఉపవాసాలు ఎలా పాటించాలి, సెమినరీల్లో చదువు ఎలా సాగాలి, అలాంటివి. పూజ మాటలైతే వాళ్ళు తేల్చాక కూడా రోము ఒప్పుకోవాలి. ఒక్క కుర్రాడి సంచీ సర్దించడానికి దేశంలోని బిషపులందరూ కూర్చుంటారా? అది ఆ సెమినరీ నడిపే రెక్టరూ, ఆ బిషపూ చూసుకునే పని." నా మొహం చూసి, "ఆ కుర్రాడు నీకు తెలుసా?" అన్నారు.

తెలుసన్నాను.

ఈ ఉత్తరం మా రూములో పోశన్న తీసుకెళ్తున్నాడు. జగిత్యాల వైపు మనిషి, ఎల్లుండి సెలవుకి పోతున్నాడు. హైదరాబాదులో దిగగానే పోస్టులో వేస్తాడు. సంగతంతా చెబితే నెత్తి గోక్కున్నాడు.

"మీ సాములోర్ల పంచాయితీ నాకు తెల్వదు గని తమ్మీ, గీ ఉత్తరంల ఉన్నదున్నట్టు రాసినవా?"

"రాస్తున్నా అన్నా."

"అబద్ధమైతే నేను మోస్కపోను. నా బ్యాగు ముప్పై కిలోలకే పర్మిషన్."

నవ్వొచ్చింది. ఉన్నదున్నట్టు ఫోన్లో చెబుదామంటే నువ్వు స్పీకర్ పెట్టి వరండాలో అందరికీ నా గొంతు వినిపిస్తావు. ఇక్కడి నుంచి విజయరాణి చేత చదివించకు. అందుకే పెద్ద అక్షరాలు రాస్తున్నాను.

అమ్మా, నన్ను ఎవరూ పంపలేదు. నేనే వచ్చేశాను.

సెమినరీలో సాయంత్రం చదువు గంటలో అందరూ నోరు మెదపకుండా కూర్చునేవాళ్ళు. గోడ అవతల లారీలు పోయేవి. నా కాళ్ళు ఆగేవి కావు. పుస్తకం తెరిచి ఏ లారీ ఎటు పోతోందో లెక్కపెట్టేవాణ్ణి. నాకు దేవుని పిలుపు లేదని రెక్టర్ గారికి చెబితే రెండుసార్లు కూర్చోబెట్టి ఉండమన్నారు. "మీ అమ్మకి నేనొచ్చి చెప్పనా?" అన్నారు కూడా. వద్దు, నేనే చెబుతానన్నాను.

ఆ వారమే భోజనాల దగ్గర ఒక కాగితం చదివారు. పూజలో జవాబులు మారబోతున్నాయని, పీఠాధిపతుల సమాఖ్య నిర్ణయమని. బస్సులో అంతా ఆ పేరే తిరిగింది నా తలలో. నువ్వు గడపలో చేట పట్టుకుని "పండక్కి ముందే వచ్చావేంరా?" అన్నావు. లెక్కల్లో తప్పానని పంపేశారన్నాను, నోటికొచ్చిన పెద్ద పేరు అదే. నువ్వు ఏడవలేదు. "అంతమంది బిషపులు కలిసి చెప్పారా? అయితే నీ తప్పేం లేదులే" అని అన్నం పెట్టావు. నేను తిన్నాను.

ఆరేళ్ళ నుంచి ఆ మాట నువ్వు ఊరందరికీ చెబుతున్నావు. నేను హైదరాబాదు పారిపోయింది, ఇక్కడికి వచ్చింది, అది మళ్ళీ మళ్ళీ వినలేకే. గోడల మధ్య ఉండలేనని వచ్చినవాణ్ణి. ఇక్కడ గోడల్లేవు, అయినా రోజంతా నన్ను పేరు పెట్టి పిలిచేవాడు దొరకడు. హెల్మెట్ మీద నంబరుంది, దాంతోనే పిలుస్తారు.

ఆ అర్జీ ఇవ్వకమ్మా. అందరి ముందూ బిషప్ గారు "అలాంటి రూలేదీ లేదే" అంటే నువ్వు తల ఎక్కడ పెట్టుకుంటావు? ఆ నలభై ఇళ్ళవాళ్ళకీ నేనే అబద్ధమాడానని చెప్పు. పండగ పూజలో అందరితో కలిసి కొత్త జవాబే చెప్పు. ఆ మాటలు నీకేం చెడు చేయలేదు. చేసింది నేను.

నాకు ఆ కొత్త జవాబు ఇంకా రాదు. పాతది నీ ఒడిలో కూర్చోబెట్టుకుని నేర్పావు. కోపం తగ్గిన రోజు ఫోన్ చెయ్యి. మాట్లాడాలనిపించకపోతే మాట్లాడొద్దు. ఆ కొత్త జవాబు ఒక్కటి చెప్పి పెట్టెయ్యి. నీ వెనకాలే నేనూ అంటాను.

ఇట్లు,
నీ పెద్దోడు
దానియేలు