కొసరు గరిటె

తాళ్ళదిబ్బ,
18 నవంబరు 2024

ప్రియమైన అమ్మకి,

కాలి వాపు తగ్గిందా? బళ్ళో వంట డేక్సాలు ఒక్కదానివే దించొద్దని చెప్పి చెప్పి నా నోరు నొప్పెడుతోంది. నేను బాగానే ఉన్నాను. అవనిగడ్డలో బస్సు దిగి ఆటోలో ముప్పావుగంట వస్తే మా ఊరు. ఇద్దరు టీచర్ల బడి, అందులో హెడ్‌మిస్ట్రెస్‌ని నేనే. ఇంతకంటే ఏం కావాలి చెప్పు!

ఒక మంచి కబురు. వచ్చి ఐదు నెలలైనా కాకముందే బడికి అదనపు నిధులు తెచ్చాను. ప్రభుత్వం అందరికీ ఇచ్చే పుస్తకాలూ యూనిఫాం కాకుండా, బాగా ఇబ్బందిలో ఉన్న పిల్లల కోసం ఒక ట్రస్టు ఈ ఏడాదికి ఇస్తోంది. సాయంత్రం గంటన్నర అదనపు క్లాసు, దానికో వాలంటీరు, ఆ వేళకి తినడానికి ఏదన్నా, చూపు ఆననివాళ్ళకి కళ్ళజోళ్ళు, ఐదో తరగతివాళ్ళకి గురుకులం పరీక్ష పుస్తకాలు. అరవై రెండు మందిలో పదిహేను మందిని ఏరమన్నారు. ఇంటింటికీ తిరిగి జాబితా రాశాను. ఇవాళ ప్రార్థన అయ్యాక పేర్లు చదివి, ఆ పదిహేను మందినీ వేరే వరసలో నిలబెట్టి, బ్యాగులిచ్చి ఫొటో తీయించాను. ఎవరికిస్తున్నామో నలుగురికీ తెలియాలి కదా. దాపరికం నాకు నచ్చదు.

వాళ్ళలో శ్రీదుర్గ అని ఐదో తరగతి పిల్ల ఉంది. అమ్మానాన్నలు ఏలూరు వైపు రొయ్యల చెరువుల కాపలాకి వెళ్ళారు. పిల్ల నాయనమ్మ బుల్లెమ్మ దగ్గర ఉంటుంది. లెక్కలు నోటితోనే చేసేస్తుందమ్మా! గురుకులంలో సీటొస్తే దాని బతుకు మారిపోతుంది, నాకు మారినట్టే.

నా దస్తూరీ బహుమతి పటం నా కుర్చీ వెనక గోడకి తగిలించాను. పిల్లలు అడిగితే చెబుతున్నాను: మీ వయసులో కష్టపడి రాసి గెలిచాను, ఆ బహుమతి వల్లే ఏడాదంతా ట్యూషను, పుస్తకాలు, ఆ తర్వాత గురుకులం సీటు అని. కళ్ళింత చేసుకుని వింటారు.

గుండ్రటి అక్షరాల నీ కూతురు,
వినీల

*

విజయవాడ, వన్ టౌన్,
25 నవంబరు

ప్రియమైన నా తల్లి వినీలకు,

మీ అమ్మ తెరేసమ్మ దీవించి రాసేది. నా కాలు నా మాట వింటానే ఉంది, నువ్వే వినటంలా.

ఫొటో ఎందుకు తీయించావే? పేర్లు ఎందుకు చదివావు? ఉత్తరం చదవగానే పొయ్యి మీద సాంబారు పెట్టుకుని మరీ తిట్టుకున్నా నిన్ను.

ఇరవై ఏళ్ళ పైనుంచి ఈ బళ్ళో వండి వడ్డిస్తన్నా. పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్ల మొహం చూస్తే నాకు తెలిసిపోద్ది. ఆ పళ్ళెంలోకి వచ్చేసరికి గరిటె ఇంకాస్త లోతుగా ముంచుతా. పక్కనున్న పిల్లకి తెలియదు. ఆ పిల్లకే తెలియదు. కొలత అందరికీ ఒకటే, కొసరు ఆకలిని బట్టి. అంతేగానీ "పొద్దున తిననివాళ్ళు చేతులెత్తండి" అంటే ఎవరెత్తుతారే? నువ్వెత్తేదానివా?

ఖుర్షీదా మేడంగారు మన బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు నీ ట్యూషన్ అయ్యేదాకా అరుగు మీద నన్ను ఊరికే కూర్చోనిచ్చేది కాదు, పలక చేతిలో పెట్టేది. ఆవిడ చలవే ఈ నాలుగు ముక్కలూ. రాయటం మానితే అక్షరాలు మానేస్తాయి తెరేసమ్మా అన్నది. అందుకే చేతిలో ఫోనున్నా నీకు ఉత్తరాలు.

ఆ పిల్ల సంగతి మాత్రం జాగ్రత్త.

నీ అమ్మ,
తెరేసమ్మ

*

తాళ్ళదిబ్బ,
9 డిసెంబరు

ప్రియమైన అమ్మకి,

నీ నోరు మంచిది కాదు. అన్నంత పనీ అయింది.

శ్రీదుర్గ ఎనిమిది రోజులుగా బడికి రావడం లేదు. పిల్లలు "ట్రస్టు పిల్ల, ట్రస్టు పిల్ల" అని ఏడిపించారట. శుక్రవారం బుల్లెమ్మ బ్యాగు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. లోపల పుస్తకాలు కట్ట కూడా విప్పలేదు.

"మా పిల్లకి పెడతానంటే కాదన్నామా అమ్మా? ఊరందరి ముందూ నిలబెట్టి పెట్టాలా? కడుపు ఖాళీగా ఉన్నా పరువుంటది మాకు," అంది.

"ఇది మీ హక్కు బామ్మగారూ, ఇందులో సిగ్గేముంది?" అన్నాను.

"నిన్ను నిలబెడితే తెలిసేది," అని వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడక్కుండా ఇస్తుంటే అలక! నేను మాత్రం లేనింట్లో పుట్టలేదా? నాన్న పోయాక మనం పడ్డ పాట్లు నాకు గుర్తు లేవా? అయినా ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. గెలిచి తీసుకున్నాను. ఆ పిల్లకి పౌరుషముంటే చదివి చూపించాలి గానీ ఇంట్లో కూర్చోవడమేమిటి?

వినీల

*

వన్ టౌన్,
16 డిసెంబరు

వినీలా,

అడగందే అమ్మైనా పెట్టదని చెప్పినవాడి అమ్మ ఎవరో నాకు తెలియదు గానీ, వంటమనిషి మాత్రం అయ్యుండదు.

ఇంకో ఉత్తరం రాశా. చదువుకుని చించేశా. మళ్ళీ రాశా, మళ్ళీ చించా. పండగ పనుల్లో ఉన్నాలే. చర్చిలో నీ పేరు మీదా, ఆ పిల్ల పేరు మీదా ప్రార్థన చేయించా.

అమ్మ

*

తాళ్ళదిబ్బ,
20 జనవరి 2025

ప్రియమైన అమ్మకి,

కోపంగా రాశాను, మనసులో పెట్టుకోకు. ఈసారి పోట్లాడటానికి కాదు, దారి చెప్పమని రాస్తున్నాను.

శ్రీదుర్గ ఇప్పుడు నాయనమ్మతో కలిసి రొయ్యల షెడ్డుకి పోతోంది, తలలు తీసే పనికి. మొన్న దారిలో ఎదురైంది. చేతులు వెనక్కి దాచుకుంది. వేళ్ళు పాచిపోయి తెల్లగా ఉన్నాయి. పదేళ్ళ పిల్ల! గురుకులం దరఖాస్తుకి వచ్చే నెల ఇరవై ఆఖరి రోజు. ఆలోపు అది బడికి రాకపోతే ఇక రాదు, నాకు తెలుసు.

మూడుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. నా గొంతు వినగానే లోపలికి పోతుంది. నా వల్లే కదా అమ్మా ఇదంతా? పోనీ, దానికి కూడా ఏదన్నా బహుమతి పెడితే? నాకు ఇచ్చినట్టు?

నీ వినీల

*

వన్ టౌన్,
27 జనవరి

ప్రియమైన నా తల్లికి,

బహుమతి అన్నావు గనుక ఇక దాచలేను. కూర్చుని చదువు.

నువ్వు ఐదో తరగతిలో ఉండగా మన బడికి కూడా నీకొచ్చినట్టే డబ్బు అదనంగా వచ్చింది, లేనివాళ్ళ పిల్లల కోసం. పదకొండు మందికి. అందులో నీ పేరుంది. పైనుంచి రెండోది.

ఖుర్షీదా మేడంగారు పేర్లు బయట పెట్టలేదు. పదకొండు మందికీ పదకొండు బహుమతులు పెట్టింది. మొక్కలకి నీళ్ళు పోసినందుకు తబస్సుంకి. గంట సరిగ్గా కొట్టినందుకు అమన్‌కి. గంట కొట్టటానికి బహుమతేంటని నువ్వు పడీ పడీ నవ్వావు, గుర్తుందా? ఆ అమన్ ఇప్పుడు ఆటోనగర్‌లో బండ్లు బాగు చేస్తన్నాడు. సాయంత్రం నాలుక్కి ఇస్తానంటే నాలుక్కే ఇస్తాడు. నీకేమో దస్తూరీ. ఆ బహుమతులు అంతకు ముందు ఏడాది లేవు, ఆ తర్వాత ఏడాదీ లేవు. ఇంత చదివావు, ఎప్పుడన్నా అనుమానం వచ్చిందా?

నీ దస్తూరీ అప్పుడు కోడి గెలికినట్టుండేది. నమ్మవని తెలుసు, అందుకే నీ నాలుగో తరగతి కాపీ బుక్కు ఇందులో పెట్టి పంపుతన్నా. బహుమతి వచ్చాకే నువ్వు రాసి రాసి అక్షరాలు గుండ్రంగా చేసుకున్నావు. వేలు కాయ కట్టేదాకా రాశావు. ఆ కష్టం నీదే, అందులో అబద్ధం లేదు.

ఆ పిల్లకి ఇప్పుడు బహుమతి పెడితే పనికిరాదు. జాబితా ఊరందరి నోళ్ళలో పడింది. బహుమతి ఇస్తే ఇంకా నవ్వుతారు. ఏం చెయ్యాలో నాకు తోచటంలా. నిజం మాత్రం నీకు చెప్పాలనిపించింది. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, ఆ పటం నువ్వు తుడుచుకునే తీరు చూసి నోరు రాలేదమ్మా. క్షమించు.

నీ అమ్మ,
తెరేసమ్మ

*

వన్ టౌన్,
16 ఫిబ్రవరి

వినీలా,

ఇరవై రోజులైంది. ఉత్తరం లేదు. ఫోను చేస్తే బాగానే ఉన్నానంటావు, పెట్టేస్తావు.

పోయిన ఆదివారం అమన్ నిన్ను బస్టాండులో చూశాడంట. ఊరిదాకా వచ్చి ఇంటికి రాకుండా పోయావా తల్లీ? అంత కోపమా? చెప్పకుండా ఉన్నా బాగుండేదేమో. వంకాయ కూర చేసినప్పుడల్లా నీ కోసం కాస్త పక్కన తీసి పెడతన్నా, ఎందుకో.

రెండు ముక్కలు రాయి. తిట్టినా సరే.

అమ్మ

*

తాళ్ళదిబ్బ,
22 ఫిబ్రవరి

ప్రియాతిప్రియమైన మా అమ్మకి,

అవును, వచ్చాను. బస్టాండులో దిగి, ఇంటికి రాకుండా మంగళగిరి బస్సెక్కాను. నీ మీద కోపంతోనే. నీ ఉత్తరం చదివిన రోజు పటం గోడ మీంచి పీకి పెట్టె అడుగున పడేశాను. ఇన్నేళ్ళూ నేను నిలబడ్డ నేల నాది కాదనిపించింది. ఖుర్షీదా మేడం మంగళగిరిలో కూతురి దగ్గర ఉంటున్నారని తెలుసు కదా, నన్నెందుకు మోసం చేశారని ఆవిడనే అడుగుదామని వెళ్ళాను.

మేడం బాగా పెద్దవారైపోయారు. నన్ను గుర్తుపట్టి చెయ్యి వదల్లేదు. నేను అడగాల్సింది అడిగాను. ఆవిడ నవ్వారు.

"బేటా, ఆ పేర్లన్నీ చార్టు మీద రాసి నోటీసు బోర్డుకి అంటించబోయింది నేనే. మీ అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి అడ్డం నిలబడింది. 'మేడంగారూ, నా కూతురి పేరు కొట్టేయండి. ఆకలితోనన్నా ఉంటది గానీ ఈ వరసలో నిలబడదు. ఏదన్నా గెలిచానంటేనే తీసుకుంటది, దాని సంగతి నాకు తెలుసు' అంది. నాకు పట్టరాని కోపం వచ్చింది. వంటమనిషి నాకు చెప్పేదేంటని రెండు రోజులు పలకరించలేదు. మూడో రోజు నేనే వంటింట్లోకి వెళ్ళి పీట వేసుకుని కూర్చున్నా. చిక్కుడుకాయలు ఒలుస్తూ పదకొండు బహుమతులూ తనే చెప్పింది, నేను రాసుకున్నా. గంట బహుమతి కూడా మీ అమ్మదే."

అమ్మా, నీ ఉత్తరంలో ఈ ముక్క ఎక్కడుంది? అంతా మేడంగారే చేశారన్నావు. నేను ఆవిడ ముందే ఏడ్చేశాను. నేను చేసిన తప్పే మా మేడం చేయబోయారనీ, ఆవిడకి అడ్డం పడటానికి నువ్వున్నావనీ తెలిసి సిగ్గూ వచ్చింది, ధైర్యమూ వచ్చింది.

తిరిగొచ్చాక, పదకొండో తారీకు మంగళవారం, పటమూ, కాపీ బుక్కూ చంకన పెట్టుకుని బుల్లెమ్మ ఇంటికి వెళ్ళాను. శ్రీదుర్గ తలుపు వెనక్కి పోయింది. నేను అరుగు మీద కూర్చుని తలుపుతోనే మాట్లాడాను. పేర్లు చదవడం నా తప్పేనన్నాను. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు మా బళ్ళో కూడా ఒక జాబితా ఉండేదనీ, అందులో రెండో పేరు నాదనీ చెప్పాను.

"అయితే నువ్వూ మాలాంటింటి పిల్లవేనా?" అంది బుల్లెమ్మ.

"అవునండీ. మా అమ్మ ఇప్పటికీ బళ్ళో వంట చేస్తుంది."

"మరి ముందే చెప్పకపోయావా?"

"జాబితా సంగతి నాకే మొన్న తెలిసింది."

తలుపు కొంచెం తెరుచుకుంది. కాపీ బుక్కు తెరిచి నేల మీద పెట్టాను. శ్రీదుర్గ వచ్చి, వంగి చూసింది. "ఇది మీరు రాసిందేనా టీచర్?" అంది. నేనే అన్నాను. "అబ్బో! నేను రెండో తరగతిలోనే ఇంతకంటే బాగా రాశా," అని పకపకా నవ్వింది. బుల్లెమ్మ కొంగు అడ్డం పెట్టుకుని తనూ నవ్వింది. నా ప్రాణం లేచొచ్చింది.

బుధవారం బడికి వచ్చింది. ఆ రోజే మిగిలిన పద్నాలుగు మంది దగ్గరా కూర్చుని ఇదే చెప్పాను. పద్దెనిమిదిన దరఖాస్తు కూడా పంపేశాం.

ట్రస్టువాళ్ళకి ఫోన్ చేసి అడిగాను. ఆ పదిహేను మందికీ అందితే చాలు, మిగతాది నా ఇష్టమన్నారు. జాబితా ఇప్పుడు ఫైల్లో ఉంది, నోటీసు బోర్డు మీది ఫొటో తీసేశాను. సాయంత్రం క్లాసులో ఎవరైనా కూర్చోవచ్చు. ఎవరికి ఎక్కువసేపు చెప్పాలో, ఎవరి బ్యాగులో నోటు పుస్తకం పెట్టాలో నాకూ వాలంటీరుకూ తెలుసు, అంతే. తినేవి అందరికీ చాలవేమోనని భయపడ్డాను. బిస్కెట్లు మానేసి శనగ గుగ్గిళ్ళు పెడుతున్నాం. వండటానికి బుల్లెమ్మ వస్తోంది, షెడ్డు మానేసింది. మొన్న గమనించాను, కొందరి ఆకుల్లోకి గరిటె కాస్త లోతుగా వెళుతోంది. ఎవరు నేర్పారో!

పటం మళ్ళీ గోడకెక్కింది. కాపీ బుక్కు కింద బల్ల మీద ఉంది. పిల్లలు రోజూ తీసి చూసి నవ్వుకుంటున్నారు.

అమ్మా, వచ్చే ఆదివారం వస్తున్నాను, నేరుగా ఇంటికే. వంకాయ కూర చెయ్యి. పక్కన కూర్చుని వడ్డించు. ఇన్నేళ్ళూ నా పళ్ళెంలో నాకు తెలియకుండా ఎంత వేశావో ఇక లెక్క తేలదు. ఈ ఒక్కసారికి మాత్రం కొసరు నాకు తెలిసేటట్టు వెయ్యి.

కోడిగీతల నీ కూతురు,
వినీల