కొండ వెనక ఊరి బస్సు

అప్పా,

నువ్వూ, బావా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ నడుం నొప్పి ఎలా ఉంది? ఎలమంచిలి వెళ్ళి డాక్టరుకి చూపించుకోమన్నాను. చూపించుకొని ఉండవని నాకు తెలుసు. నేనిక్కడ బాగున్నాను, బెంగపెట్టుకోకు. ఫోన్లో చెబితే పాలు పొంగుతున్నాయని సగంలో వెళ్ళిపోతావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

సింహాచలం కొండ కింద గది తీసుకున్నానని చెప్పాను కదా. వచ్చిన కొత్తలో బస్సు డిపోలో అందరూ మర్యాదగానే ఉండేవారు గానీ, గదికొస్తే పలకరించే దిక్కు లేదు. ఒక్కదాని కోసం వండుకోబుద్ధి కాక చారూ అప్పడంతో సరిపెట్టేదాన్ని. ఇప్పుడు బాగానే తింటున్నాను, నిజం.

అప్పుడు నన్ను మొదట పలకరించింది పోలమ్మ. కొండ వెనక ఊరి నుంచి సంపెంగ పూలు తెచ్చి వన్ టౌన్ బజారులో అమ్ముతుంది. రోజూ నేను డిపోకి వెళ్ళే బస్సులోనే వస్తుంది. బుట్ట ఒళ్ళో పెట్టుకుని, నాకు పక్కన చోటు ఉంచేది. "ఏటి తిన్నావమ్మా పొద్దున్న?" అని అడిగేది. తినలేదంటే తిట్టేది, అచ్చం నీలాగే.

పోయిన నెల మా డిపోలో పాత బస్సుల్ని తుక్కుకి పంపించేశారు. వాటి బదులు కొత్తవి ఇంకా రాలేదు. బస్సుల వేళలు చూసేది నేనే కాబట్టి, మేనేజరు గారు పిలిచి, "ఏదో ఒక రూటు ఆపక తప్పదమ్మా, చూసి రాయి" అన్నారు. ఎన్ని విధాల చూసినా తేలింది కొండ వెనక ఊరి బస్సే. అందులో అందరూ ఆడవాళ్ళే, వాళ్ళకి ప్రయాణం ఉచితం కదా, టికెట్టు డబ్బులు రావు. ఆ సొమ్ము ప్రభుత్వం ఇస్తుంది గానీ ఆలస్యంగా వస్తుంది, డీజిలేమో ఏరోజుకారోజు పోయాలి. పైగా పొద్దున్న వాళ్ళని దింపాక, తిరుగు ప్రయాణంలో బస్సు ఖాళీ. అదే రాసి ఇచ్చాను.

మర్నాడు పోలమ్మ పక్కన కూర్చుని, ఇంకొకరి నోట వినకూడదని నేనే చెప్పేశాను.

ఆవిడ బుట్టని ఒళ్ళోకి ఇంకాస్త లాక్కుంది. తర్వాత అంది, "ఆటోలో ఎల్తే నాకేటి మిగుల్తాది? సరే, నువ్వు రాయకపోతే ఇంకోరు రాత్తారు. నువ్వే రాసినావు కాబట్టి నువ్వే దారి సూడు."

నాకు ఆ పూట పని సాగలేదప్పా. మధ్యాహ్నం సెలవు పెట్టి వన్ టౌన్ వెళ్ళాను. పోలమ్మ కూర్చునేది ఖాదర్ సాహెబు గారి కొట్టు అరుగు మీద. ఆయనది పసుపు, కుంకుమ, కర్పూరం హోల్‌సేలు. కొండ కింద దుకాణాలకి సరుకు ఆయన దగ్గర నుంచే వెళ్తుంది. ఆటోలో పంపిస్తున్నారు. ఖాళీగా వెళ్ళే మా బస్సులో పంపమని, లగేజీ టికెట్టు కొడతామని అడిగాను.

"ఆటోవోడు కొట్టు ముందర దింపుతాడు బేటీ. నీ బస్సు దింపుద్దా?" అన్నారాయన.

అరుగు మీంచి పోలమ్మ అందుకుంది. "స్టాపు కాడికి వొచ్చి వొట్టుకెల్తారు బాబూ. ఆ కొట్లోళ్ళందరూ నాకు తెలుసు, నాను సెప్తాను."

ఆయన గడ్డం నిమురుకుని, "ఒక నెల సూత్తాను. నా కుంకుమ తడిసిందా, మళ్ళీ ఆటోయే" అన్నారు. ఆయన ఒప్పుకున్నాక పక్క కొట్లవాళ్ళూ కదిలారు.

మేనేజరు గారు లెక్కలు చూసి, పై ఆఫీసుతో మాట్లాడి, పొద్దుటి ట్రిప్పు, సాయంత్రం ట్రిప్పు ఉంచారు. మధ్యాహ్నం ట్రిప్పు మాత్రం పోయింది. ఎంత బతిమాలినా కుదరలేదు. పోలమ్మ ఇంటికి వెళ్ళేది అందులోనే. ఇప్పుడు పూలు అయిపోయినా పొద్దుగూకే దాకా ఆ అరుగు మీద ఉండాల్సిందే. మోకాళ్ళు లాగేస్తున్నాయంటుంది. "మంచి దారే సూపించినావు" అని నన్ను దెప్పుతుంది. దెప్పుతూనే బస్సులో పక్కన చోటు చూపిస్తుంది.

బావ చేత మన దొడ్లో వావిలాకు కోయించి, ఎవరైనా ఇటు వస్తుంటే పంపించు, పోలమ్మకి ఇస్తాను, మోకాళ్ళకి కాపడం పెట్టుకుంటుంది. పిల్లల్ని సెలవులకి పంపితే బీచికి తీసుకెళ్తాను. అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. నీకూ ఓ సంచీడు సంపెంగలు పంపాలనుంది గానీ, చేరేలోపే వాడిపోతాయి.

నిన్న సాయంత్రం బస్సు ఎక్కేసరికి పోలమ్మ ఖాళీ బుట్ట పట్టుకుని కునుకు తీస్తోంది. పక్కన కూర్చోగానే తల నా భుజం మీద వాలింది. నా స్టాపు వచ్చింది. లేపబుద్ధి కాలేదు. కండక్టరు నా వంక చూశాడు, పోనిమ్మని చెయ్యి ఊపాను. కొండ చుట్టూ తిరిగి వాళ్ళ ఊరి దాకా వెళ్ళిపోయాను. డిపోకి తిరిగి వస్తున్న అదే బస్సులో వచ్చి గది దగ్గర దిగాను.

నువ్వూ బావా చల్లగా ఉండి నన్ను దీవించండి.

మీ చెల్లెలు,
సత్యవతి