గుర్తులేదన్న మెకానిక్కు

ఆదివారం, సాయంకాలం

మా చిన్నమ్మడికి,

నాన్న మనసారా దీవించి రాయునది. నేనూ మీ అమ్మా కులాసా. మామూలు కులాసా కాదమ్మా, మధ్యాహ్నం నుంచీ నా కాళ్లు నేలమీద ఆనడం లేదు. నువ్వు గీసిన వీరుడు, మన పిడుగు, పోటీలో గెలిచాడు! నీ బొమ్మల పుస్తకం రెండో భాగాన్ని పోటీ పెట్టిన పుస్తకాల కంపెనీవాళ్లే అచ్చేస్తారు, అట్టమీద నీ పేరుతో. ఈసారి ఓడితే ఇక బొమ్మలు మానేస్తానన్నావు చూడు, ఆ మాట వెనక్కి తీసుకో.

మొదటినుంచీ చెబుతాను. నీకు డ్యూటీ మార్చుకోవడం కుదరక నన్ను పంపావు కదా. లైబ్రరీ పైఅంతస్తు హాలు నిండిపోయింది. ఆఖరికి ఇద్దరే మిగిలారు, నీ పిడుగూ, అవతలివాళ్ల గాజుమనిషీ. తలపడితే ఎవరు గెలుస్తారో వాదించి ఒప్పించాలి. గాజుమనిషి తరఫున వచ్చింది ఒక లెక్చరర్, మైకు ఇస్తే వదలడు. ఆయన వాదన ఇదీ: మా గాజుమనిషిలో ఇద్దరుంటారు, ఒకడు పడుకుంటే ఇంకొకడు లేస్తాడు, ఇద్దరూ గట్టివాళ్లే. మీ పిడుగు మాత్రం కోపం దిగితే ఉత్త గడియారాల మెకానిక్కు, పిల్లిని అదిలించడం కూడా రానివాడు, పైగా పిడుగు చేసిందేదీ వాడికి గుర్తుండదు, దెబ్బలాట మధ్యలో మెలకువొస్తే నేనిక్కడికెలా వచ్చానండీ అని అడుగుతాడు అన్నాడు. హాలంతా ఒకటే నవ్వు. నువ్వు రాసిచ్చిన కాయితంలోనూ అదే ఉంది, ఒకడి సంగతి ఇంకొకడికి తెలియదని.

కాయితం పక్కన పెట్టేశాను. అయ్యా, నేను పెద్దగా చదువుకోలేదు, కానీ నలభై ఏళ్లు బైండింగు చేసినవాణ్ణి, ఈ పుస్తకం ప్రతి కాపీ నా చేత్తోనే కుట్టాను, పద్నాలుగో పేజీ తియ్యండి అన్నాను. ఆ బొమ్మలో, తెల్లారి మెకానిక్కు ఎడంచేత్తో కొట్టు తాళం తీస్తుంటాడు. కుడిచెయ్యి జేబులో ఉంటుంది. పిడుగై గుద్దిన చెయ్యి అది. నిజంగా గుర్తులేనివాడైతే ఈ వాపేమిటా అని చూసుకుంటాడు. వీడు దాస్తున్నాడు. తెలియనివాడు దేన్ని దాస్తాడు? కాబట్టి పిడుగు కొడుతున్నంతసేపూ మెకానిక్కు లోపల మేలుకునే ఉంటాడు. మీవాడు ఎప్పుడూ ఒక్కడే, మావాళ్లు ఇద్దరు అన్నాను.

లెక్చరర్ ఆ పేజీని చాలాసేపు చూసి, తనంతట తనే మైకు కింద పెట్టాడు. పెద్దాయనా, ఈ సంగతి గీసినావిడకైనా తెలుసా అన్నాడు. మా అమ్మాయి చేతికి తెలుసు అన్నాను. ఇక చప్పట్లే చప్పట్లు. ఇంట్లో ఉప్పెక్కడుందో తెలియని మనిషికి ఇంత వాదన ఎలా వచ్చిందో అని మీ అమ్మ పక్కావిడతో ఒకటే గొప్పలు.

నిన్ను చూసుకుని పొంగిపోతున్న

నాన్న

తా.క. ఇంత తెలివి మీకెక్కడిదండీ అని లైబ్రరీ చూసుకునే ఆవిడ అడిగితే, పేజీలు చూసీ చూసీ వచ్చిందన్నాను. అబద్ధం. నీ పదకొండో ఏట తాగొచ్చి నీ బొమ్మల నోటుపుస్తకాలన్నీ చింపాను, అడ్డొచ్చిన మీ అమ్మను తోసేశాను. పొద్దున మీరిద్దరూ నావంక చూస్తుంటే నాకేమీ గుర్తులేదన్నాను. మళ్లీ తాగలేదు కానీ, ఇరవై ఏళ్లుగా అదే మాటమీద ఉన్నాను. ఇందాక మీ అమ్మకు చెప్పేశాను. నీకు చెబుదామని ఫోను తీశాను, నోరు రాలేదు. నన్ను క్షమించు తల్లీ. అంతా గుర్తుంది. మొత్తం ఆరు నోటుపుస్తకాలు. ఆఖరిదాంట్లో ఒక కుందేలు సైకిలు తొక్కుతోంది, దానికి సగమే రంగు వేశావు.