మీకు దొరికింది చేతబడి కాదత్తా

అత్తా, మీ ఫోన్ ఇంట్లోనే మోగుతోంది, అందుకే ఈ చీటీ. రాగానే బీరువాలో ఉన్న బహుమతుల పెట్టె తీసి మీ మంచం కింద దాచండి. పిల్లలు ఎంత బతిమాలినా యాడ ఉందో చెప్పొద్దు.

సోఫా కింద మీకు దొరికిన నిమ్మచెక్కలూ, కళ్ల బొమ్మలు గీసిన కాగితాలూ చేతబడి కాదు. సాయంత్రం హర్షిణి పుట్టినరోజుకు పిల్లలాడే గూఢచారి ఆట. నిమ్మరసంతో రాసిన అక్షరాలు కాగితం వేడిచేస్తేనే కనపడతాయి. మీరేమో అన్నీ పెరట్లో కాల్చేసి, బూడిద మూటగట్టుకుని నిమ్మనపల్లె స్వామి దగ్గరికి పోయారు. నిద్ర మానుకుని రాశాను అత్తా!

హర్షిణి ఏడుస్తుందనుకున్నాను. "అమ్మా, అవ్వే శత్రు గూఢచారి! సాక్ష్యాలన్నీ కాల్చేసి పారిపోయుండాది!" అని గంతులేసింది. ఇంక ఆటంతా మీ మీదే. పిల్లలు మీ వెనకాలే తిరుగుతారు, కసురుకోవద్దు.

టోపీలూ నల్లకళ్లద్దాలూ తేవడానికి పుంగనూరులో మా అక్క వాళ్లింటికి పోతున్నాను. చీకటి పడకముందే వస్తాను.

రూప

ఇంకో మాట. కాగితాలు కాల్చేటప్పుడు నన్ను వంటింట్లోకి నెట్టి, "నువ్వు బయటికి రావాకమ్మా, ఏమన్నా అయితే నాకే కానీ" అన్నారు. ఆ మాట విన్నాక నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు.