శుక్రవారం సున్నా

1979 ఫిబ్రవరి 5, సోమవారం

నా ఎం.ఫిల్. థీసిస్ కోసం డిప్రెషన్ స్కేలు ప్రశ్నలు అడిగి, ఆడవాళ్లకి వచ్చిన మార్కులన్నీ గ్రాఫ్ పేపరు మీద పెట్టాను. మార్కు ఎక్కువైతే దిగులు ఎక్కువ. గీత మధ్యలో ఒక గుట్టలా లేవాలి. రెండొచ్చాయి! క్యాలిక్యులేటర్‌తో మళ్లీ చేశాను. మళ్లీ రెండే. గైడు సుబ్రమణ్యం సార్ చూసి, రెండు రకాల జనాన్ని కలిపేసినావమ్మా అన్నారు. నేను అడిగింది పాకాల దగ్గర ఒకటే పల్లె. ఒళ్లు మండింది.

ఫిబ్రవరి 6

కులం, వయసు, చదువు, పిల్లలు. ఎట్లా విడదీసినా గుట్టలు విడిపోలేదు.

అదే రోజు, సాయంత్రం

అడిగిన రోజును బట్టి విడదీశాను. దేవుడా! తక్కువ మార్కులన్నీ శుక్రవారం సాయంత్రానివే. ఆ పూట అందరూ ఇంటిపట్టున దొరుకుతారని నేనే ఏరి పెట్టుకున్న టైము. దీపం పెట్టిన వేళ ఏ ఇల్లాలు ఏడుపు మాట, చావు మాట అంటుంది? మా అమ్మే ఆ పూట బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటుంది. చిత్తూరులో పుట్టి పెరిగి ఇంత సంగతి తట్టలేదు చూడు నా బుర్రకి!

వాళ్లెవరూ నోరు విప్పి చెప్పనిది అంకెలు చెప్పేశాయి. ఆ కాగితం ముట్టుకోవాలంటే భయమేసింది.

ఆ పల్లెలో నేను అడిగినవాళ్లలో ఒకామె, వరదమ్మకి శుక్రవారం సున్నా. మొన్న సెమినార్లో ఆరోగ్యమైన మనసుకి ఆమెనే ఉదాహరణగా చెప్పాను.

ఫిబ్రవరి 7

పొద్దున్నే రైలెక్కి ఆ పల్లెకి పోయాను. వరదమ్మ పశువుల కొట్టంలో ఉంది. మళ్లీ అవే ప్రశ్నలు. మూడోదానికే పేడచేతులతో కూలబడింది. బిడ్డ పోయినప్పట్నుంచి నిద్ర లేదట. బావి దాకా పోయి తిరిగొచ్చిందట. మరి ఆరోజు ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను. దీపం పెట్టినాక, ఇంటికొచ్చిన ఆడపిల్ల ముందర సావు మాట ఎట్ల అనేది తల్లీ, నీకు తగులుకోదా అంది.

తన ప్రాణమే కొసన ఉంటే నాకేమీ కాకూడదని చూసింది! ఈమె ముందు నేనెంత.

ఆసుపత్రికి రమ్మని బతిమాలాను. మొగుడు మునస్వామి పిచ్చిదనుకుంటాడని భయం. నేను చెబుతానంటే, వద్దు, నేనే సెప్తా అంది. ఒంటరిగా విడవొద్దని పక్కింటి అక్కమ్మకి అప్పజెప్పి వచ్చాను.

ఫిబ్రవరి 8

శుక్రవారం ఫారాలన్నీ తీసేయమన్నారు సార్. తీయను, ఆ గుట్టే నా థీసిస్ అన్నాను. నా నోరేనా అది!

ఫిబ్రవరి 9, శుక్రవారం, సాయంత్రం ఆరు

వరదమ్మ ఇల్లు. దీపం వెలుగుతోంది. దాని ముందరే నిలబడి, సచ్చిపోవాలనిపిస్తాండాది, నన్ను ఆసుపత్రికి తీసకపో అని మొగుడితో అనేసింది.

మునస్వామి చొక్కా తొడుక్కున్నాడు.